గోదాము గుమాస్తా దొంగయైనచో

ఉప్పల్, నాచారములందు నేడు పొలములకంటె కర్మాగారములును గోదాములును హెచ్చు. గోదామున్నచోట తాళపుచెవి యొక నౌకరు చేతిలో నుండక తప్పదు. మన సంఘపు టెరువుల గోదాము సంగతియు నంతే. ఆ చేతివాడే బస్తాలు హరించినచో శిక్ష యెంతయని సభ్యులు మమ్ములను అడుగుచున్నారు.

2024 జూలై 1వ తేదీనుండి భారతీయ న్యాయ సంహిత అమలులోనున్నది. అందు సామాన్యపు దొంగతనమునకు మూడేండ్లవరకు ఖైదు. యజమాని స్వాధీనమందలి సొత్తును గుమాస్తాగాని నౌకరుగాని దొంగిలించినచో, 306వ సెక్షను క్రింద ఏడేండ్లవరకు ఖైదు, జుల్మానా. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టజాలడందురు గదా! నమ్మినవాని నేరమును శాసనము పెద్దదిగా నెంచినది. అయితే ఏడేండ్లనునది పైహద్దు మాత్రమే. మొదటి తప్పు చేసినవానిని, 1958 నాటి ప్రొబేషను చట్టమునుబట్టి, సత్ప్రవర్తన పూచీపై విడుచుటయు కలదు.

సంఘము తనకు అప్పగించిన సరకునే అతడు స్వంతమునకు వాడుకొన్నచో, అది దొంగతనము గాక నమ్మకద్రోహమగును. దానికి 316వ సెక్షను, శిక్ష ఏడేండ్లవరకే. ఇచ్చట అప్పగింత రుజువు కావలెను. కావున తాళపుచెవి ఇచ్చునాడే బస్తాలు లెక్కించి, తేదీ వ్రాసి, చేవ్రాలు పెట్టించవలెను. ఇది నౌకరునకు అవమానమని కొందఱు సంకోచింతురు. మాకట్లు తోచదు, లెక్క సరియైనవానికి ఆ చేవ్రాలే రక్ష.

ఖైదు పడినంతమాత్రమున బస్తాలు తిరిగిరావు. సొమ్ము రాబట్టుటకు 1964 నాటి సహకార సంఘముల చట్టమున 60వ సెక్షను వేఱుగా నున్నది. దానిక్రింద రిజిస్ట్రారు విచారించి నష్టమును వడ్డీతో కట్టింపవచ్చును. క్రిమినలు కేసు నడచుచున్నను దానికి అడ్డు లేదు.