నిద్రించు వైరసును మేల్కొలుపు యత్నము

“మందు వాడినచో రక్తపరీక్షలో హెచ్.ఐ.వి. కనబడదందురు. మరి జీవితాంతము మందు మ్రింగనేల?” అని పదవ తరగతి విద్యార్థులు మమ్ము ప్రశ్నించిరి. అడుగదగిన ప్రశ్నయే. మాకు తెలిసినంతవరకు సమాధానమును ఇచ్చట వ్రాయుచున్నాము.

హెచ్.ఐ.వి. అను వైరసును 1983వ సంవత్సరమున పారిస్ నగరమందలి పాశ్చర్ సంస్థ శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఇది రోగములతో పోరాడు సి.డి.4 అను తెల్ల రక్తకణములలో జొరబడి, తన జన్యులిపిని ఆ కణముయొక్క డి.ఎన్.ఏ.లో చేర్చివేయును. కణము చురుకుగా నున్నప్పుడు ఆ లిపిని అనుసరించి క్రొత్త వైరసులు తయారగును. మందులు ఈ వృద్ధిని అరికట్టును.

కాని కణము విశ్రమించినచో వైరసు సైతము నిద్రించును. అప్పుడు దానిని మందు తాకజాలదు. శరీరపు రక్షణశక్తియు గుర్తింపజాలదు. విశ్రాంత కణములు పది లక్షలున్నచో, మరల లేవగల వైరసును దాచుకొన్నది సుమారు ఒక్కటి యుండును. అంత స్వల్పమైనను, మందు మానినచో సాధారణముగా కొన్ని వారములలోనే వైరసు విజృంభించును. మందు వాడుచున్నను ఈ నిలువ సగమగుటకు మూడేండ్లకు పైగా పట్టునని శాస్త్రజ్ఞులు లెక్కవేసిరి.

దీనికి ఉపాయమేమి? మన రైతులను చూడుడు. తొలకరి కురిసిన పిదప నేలలోని కలుపు గింజలను మొలవనిచ్చి, గుంటక తోలి చంపి, అటుపిమ్మట విత్తుదురు. నేలలో నిదురించు గింజను గుంటక చంపజాలదు, మొలకనే చంపగలదు. వైరసును గూర్చియు శాస్త్రజ్ఞులు ఇట్లే తలచిరి: ముందు లేపవలెను, పిదప చంపవలెను.

డి.ఎన్.ఏ. కండెకు చుట్టిన నూలువలె నుండును. ఆ చుట్టును వదులుచేయు వోరినోస్టాట్ అను కాన్సరు మందును 2012లో అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ మార్గోలిస్ బృందము ఎనిమిదిమంది రోగులకిచ్చి చూచెను. నిద్రించు వైరసు మేల్కొనుచున్న చిహ్నములు కనబడెను. అయితే లేచిన కణము తనంతట చావలేదు. 2020లో వెలువడిన బ్రిటన్ పరీక్షలో అరువదిమంది పాల్గొనిరి. వారిలో కొందరికి ఈ మందుతోపాటు టీకాలను గూడ ఇచ్చిరి. అయినను నిలువ తరుగలేదు. 2025లో మెల్బోర్న్ శాస్త్రజ్ఞులు, కోవిడ్ టీకాలలో వాడిన ఎం.ఆర్.ఎన్.ఏ. పద్ధతిచే, రోగుల రక్తమునుండి తీసిన కణములలో వైరసును లేపిరి. ఇది ప్రయోగశాలలో జరిగిన పని మాత్రమే.

కావున మేల్కొలుపుట చేతనైనది. చంపుట ఇంకను చేతగాలేదు. అంతవరకు ప్రతిదినము మ్రింగు మాత్రయే రక్ష. క్రమము తప్పక వాడి, వైరసు పరీక్షకు అందనంతగా తగ్గియున్న వారివలన జీవిత భాగస్వామికి సైతము వ్యాధి సోకదు. మన దేశమున 2004 నుండి ప్రభుత్వము ఈ మందులను ఉచితముగా ఇచ్చుచున్నది. పూర్తిగా నయముచేసెదమని చెప్పి ఈ మందు మాన్పించువారి మాటలను తలిదండ్రులు నమ్మరాదు. రక్తమున కనబడుట లేదని మందు మానుట, మొలకలు కనబడలేదు గావున నేలలో కలుపు గింజయే లేదనుకొనుట వంటిది.