మట్టిలో ప్రాణముందా? గుడ్డపీలిక చెబుతుంది!

ఇల్లెందు, గుండాల దారిలో పోయినా, భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు పోయినా ఒకటే దృశ్యం. గట్టుకు అవతల అడవి, ఇవతల పత్తి చేను. నేల ఒకటే, పడే వానా ఒకటే. అడవిలో ఎవరూ బస్తా ఎరువు చల్లరు. అయినా పచ్చగా ఉంటుంది. ఇవతల ఏటికేడు యూరియా, డీఏపీ పెంచుతున్నా మొక్క ఎదగడం లేదని రైతు గోడు. తేడా చాలావరకు కంటికి కనిపించని బాక్టీరియాలో ఉంది.

గ్రాము మట్టిలో కోట్ల కొద్దీ బాక్టీరియా ఉంటాయి. రాలిన ఆకును కుళ్లబెట్టి మొక్కకు ఆహారంగా మార్చేది ఇవే. మట్టిలో బిగుసుకుపోయిన భాస్వరాన్ని కొన్ని కరిగిస్తాయి. గాలిలోని నత్రజనిని కొన్ని పట్టి ఇస్తాయి. తొలకరి జల్లుకు లేచే మట్టివాసన కూడా ఎక్కువగా ఆక్టినోమైసిటీస్ అనే బాక్టీరియా పుణ్యమే.

పోడు చెప్పే పాఠం

వెనకటి రోజుల్లో కోయలు, కొండరెడ్లు పోడు కొట్టి జొన్న, సామ, కంది, బొబ్బర్లు కలిపి వేసేవారు. నాలుగేళ్లు పండించి వదిలేసేవారు. కాల్చిన బూడిద బలం మొదటి పంటలకు సరిపోయేది. తర్వాత ఆకు రాలక, దున్నుడు ఎక్కువై సేంద్రియ పదార్థం తరిగేది. తిండి లేక బాక్టీరియా తగ్గేవి. బీడుగా వదిలితే చెట్టూ చేమా పెరిగి నేల మళ్లీ కోలుకునేది.

ఇప్పుడా వీలు లేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద ఈ ప్రాంతంలో చాలామందికి పట్టాలొచ్చాయి. 2023లోనూ పంచారు. భూమి నిలకడ అయింది. సారం పోయిందని కొత్తగా అడవి కొట్టడం కుదరదు, కొట్టకూడదు కూడా. బీడు పెట్టినప్పుడు నేలకు దక్కిన బలాన్ని ఇక అదే చేలో మనమే అందించాలి.

ఇంటి దగ్గరే పరీక్ష

2015లో మొదలైన భూసార కార్డులో 12 అంశాలుంటాయి. అందులో సేంద్రియ కర్బనం చూడండి. 0.5 శాతం కన్నా తక్కువుంటే బాక్టీరియాకు తిండి కరువని అర్థం. అయితే బాక్టీరియా ఎలా పనిచేస్తున్నాయో కార్డు చెప్పదు. అందుకు రెండు తేలిక పరీక్షలున్నాయి.

మొదటిది గుడ్డ పరీక్ష. కెనడా, ఆస్ట్రేలియా రైతులు ఏకంగా నూలు చెడ్డీలనే పొలంలో పాతి చూస్తున్నారు! మనకు జానెడు తెల్ల గుడ్డపీలికలు చాలు. అచ్చమైన నూలుదై ఉండాలి, పాలిస్టర్ కలవకూడదు. చేను మధ్యలో ఒకటి, గట్టుమీద చెట్టు కింద ఒకటి బెత్తెడు లోతున పాతి గుర్తుపుల్ల గుచ్చండి. పదునున్న రోజుల్లో రెండు నెలలుంచి తీయండి. గట్టుది చివికి చిల్లులు పడి, చేనులోది చెక్కుచెదరకుండా ఉంటే మట్టిలో జీవం తగ్గినట్టే. చెద తిన్న ముక్కను మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు.

రెండోది బుడిపెల పరీక్ష. పెసర, బొబ్బర, కంది మొక్కలను 30-35 రోజులప్పుడు పీకకుండా పారతో తవ్వి తీయండి. వేరు కడిగి, బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగుంటే రైజోబియం బాక్టీరియా నత్రజనిని పడుతున్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే పని జరగనట్టు. గోటికి సులువుగా ఊడొచ్చేది మంచి బుడిపె. ఊడక వేరే ఉబ్బి ఉంటే అది నులిపురుగు కావచ్చు.

ఏం చేయాలి?

బాక్టీరియాకు తిండి పెట్టాలి. తొలకరికి జీలుగ, జనుము చల్లి పూతకు రాగానే కలియదున్నండి. పత్తికట్టె కాల్చకుండా ముక్కలు చేసి నేలలో కలపండి. పత్తి సాళ్ల మధ్య కంది వేయండి. ఎకరానికి చాలిన పప్పు విత్తనానికి 200 గ్రాముల రైజోబియం పొడిని బెల్లం నీళ్లతో పట్టించి, నీడన ఆరబెట్టి విత్తండి. దాన్ని రసాయన ఎరువుతో కలపొద్దు. పప్పు పైర్లకు యూరియా ఎక్కువ వేస్తే బుడిపెలు తగ్గుతాయి.

ఒక్క ఏడాదిలో అద్భుతం జరగదు. వాన, విత్తనం, పురుగు కూడా దిగుబడిని తేలుస్తాయి. బాక్టీరియా అన్నీ మంచివీ కావు. టమాటా, వంగలో ఎండుతెగులు తెచ్చేవీ ఉన్నాయి. అనుమానముంటే వైరా కృషి విజ్ఞాన కేంద్రంలోనో, అశ్వారావుపేట వ్యవసాయ కళాశాలలోనో అడగండి.

ఏటా అదే చోట గుడ్డ పాతండి. ఏటికేడు ఎక్కువ చివుకుతుంటే నేల కోలుకుంటున్నట్టే. ఈసారి దుకాణంలో మరో బస్తా ఎత్తించుకునే ముందు ఆ పీలికను ఒకసారి తీసి చూడండి.