పిల్లల కోసం రాస్తారా? చెనిక్కాయతో మొదలెట్టండి!

మీది రాయచోటి. డిగ్రీ ఫైనలియర్. గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షకో ప్రిపేరవుతున్నారు. పక్కింటి ఆరో తరగతి పాప వచ్చి, ‘అక్కా, మా బోర్లో నీళ్లెందుకు పడల్యా?’ అని అడిగింది. భూగర్భ జలాల పాఠం మీకు కంఠతా వచ్చు. ఆ పాపకు అర్థమయ్యేలా చెప్పగలరా? చెప్పగలిగితే పిల్లల విజ్ఞాన పుస్తకాల రచన, అనువాదం వైపు ఓసారి చూడండి.

ఉద్యోగం చేస్తూనే...

మహీధర నళినీమోహన్ భౌతిక శాస్త్రవేత్త. మాస్కోలో పీహెచ్‌డీ చేసి, ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో పనిచేశారు. ఉద్యోగం ఢిల్లీలో అయినా రాసింది తెలుగు పిల్లల కోసం. ‘పిడుగు దేవర కథ’ అన్న పేరే చూడండి. ‘విద్యుత్తు: ఒక పరిచయం’ అని పెడితే ఏ పిల్లాడు తెరుస్తాడు? నేడు ఐఐటీ మద్రాస్ ఆచార్యుడు వి.శ్రీనివాస చక్రవర్తి కూడా పరిశోధన, బోధన సాగిస్తూనే సైన్సు పుస్తకాలను తెలుగులోకి తెస్తున్నారు. ఇద్దరికీ సబ్జెక్టే పెట్టుబడి.

డిక్షనరీ చాలదు

వేరుశనగ పూత నేలపైన వస్తుంది. అందులోంచి ఓ కాడ మట్టిలోకి దిగి కాయవుతుంది. ఇంగ్లిష్‌లో దాన్ని ‘పెగ్’ అంటారు. డిక్షనరీ చూసి ‘మేకు’ అని రాశారో, అనువాదం చెడినట్టే. మీ ఊరి రైతునడగండి. ‘చెనిక్కాయకు ఊడలు దిగినాయి’ అంటాడు. మీకు కావాల్సిన మాట అదే. చేలో తిరిగినవారికి ఉన్న బలం ఇది.

ఇలా మొదలుపెట్టండి

* ఒకే ప్రశ్న తీసుకుని 300 పదాల్లో రాయండి. ఓ పిల్లాడితో పైకి చదివించండి. ఎక్కడ ఆగాడో అక్కడ తిరగరాయండి.
* ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన ‘స్టోరీవీవర్’ వేదికలోని పుస్తకాలను అనువదించి చూడండి. అవి ఓపెన్ లైసెన్సుతో ఉంటాయి. వేరే పుస్తకమైతే హక్కుదారుల అనుమతి తప్పనిసరి.
* నేషనల్ బుక్ ట్రస్ట్, మంచి పుస్తకం వంటి సంస్థల పుస్తకాలు చదవండి. మూలాన్ని, తెలుగును పక్కపక్కన పెట్టుకుని చూడండి.
* పని ఒప్పుకునే ముందే పేజీకెంత, పుస్తకంపై మీ పేరు ఉంటుందా అన్నవి రాతపూర్వకంగా తేల్చుకోండి.

ఒక్క మాట. ఇందులో నెలనెలా జీతం రాదు. సాహిత్య అకాడమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది కానీ, దాన్ని నమ్ముకుని ఇల్లు నడవదు. కాబట్టి ప్రిపరేషన్ ఆపొద్దు. రోజుకో అరగంట దీనికివ్వండి. ముందు ఆ పాప ప్రశ్నకు జవాబు రాయండి.