మైనం బిళ్ళలో అక్షరదోషాలు

మా పెద్దమ్మకి ఊపిరితిత్తి క్యాన్సర్. ఏడాదిగా పనిచేసిన మాత్ర పనిచేయడం మానేసింది. మళ్ళీ బయాప్సీ చేసి, చిన్న మైనం బిళ్ళ చేతిలో పెట్టారు. “జాగ్రత్త, జీన్ టెస్ట్‌కి ఇదే కావాలి” అన్నారు. సబ్బు ముక్కలా ఉన్న దీంట్లో డీఎన్ఏ ఏంటా అని చదవడం మొదలుపెట్టాను.

ఒంట్లోంచి తీసిన ముక్క వెంటనే పాడవడం మొదలవుతుంది. ఆపడానికి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి, లిక్విడ్ నైట్రోజన్‌లో గడ్డకట్టించి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచడం. డీఎన్ఏ పొడుగ్గా, దాదాపు ఉన్నదున్నట్టు మిగులుతుంది. కానీ ఖర్చెక్కువ, కరెంటు పోకూడదు, మంచు వల్ల కణాల ఆకారం చెదురుతుంది. రెండోది, ఫార్మలిన్‌లో నానబెట్టి, నీరు తీసేసి, పారఫిన్ మైనంలో పోతపోయడం. కణాల రూపం చక్కగా నిలుస్తుంది, మామూలు అల్మారాలో ఏళ్ళ తరబడి ఉంటుంది. అందుకే ఆసుపత్రుల్లో ఎక్కువగా ఇదే.

చిక్కంతా డీఎన్ఏకే. ఫార్మలిన్ దాన్ని ప్రొటీన్లకి అతికించేస్తుంది, కాపీ తీసే ఎంజైమ్ మధ్యలో ఇరుక్కుంటుంది. పొడుగు దారం చిన్న చిన్న ముక్కలవుతుంది, అందుకే ల్యాబ్‌లు వంద, నూటయాభై అక్షరాల పొట్టి భాగాలనే చదువుతాయి. అన్నిటికంటే ప్రమాదం మూడోది: ‘సి’ అనే అక్షరం పాడై ‘యు’ అవుతుంది, మెషీన్ దాన్ని ‘టి’ అని చదువుతుంది. మన భాషలో చెప్పాలంటే బిట్ ఫ్లిప్.

పెద్దమ్మ విషయంలో వెతుకుతున్నది ఈజీఎఫ్ఆర్ జన్యువులో టీ790ఎం అనే మార్పు. అది ఉంటే ఒసిమెర్టినిబ్ అనే మందు ఇవ్వచ్చు. ఆ మార్పు కూడా సరిగ్గా ఒక ‘సి’, ‘టి’ అవ్వడమే! నిజమైన మ్యుటేషనా, ఫార్మలిన్ చేసిన తప్పా?

డీఎన్ఏ బాగా ఉంటే తేల్చడం తేలిక. నిజమైన మార్పు చాలా కాపీల్లో కనిపిస్తుంది, ఫార్మలిన్ తప్పులు చెల్లాచెదురుగా పడతాయి. కానీ మిగిలింది కొద్ది కాపీలే అయితే, పీసీఆర్‌లో ఒక్క తప్పే వేలల్లో పెరిగి నిజంలా కనిపిస్తుంది. ‘యు’లని ఏరేసే యూడీజీ ఎంజైమ్ ఉంది, అయితే మిథైల్ తగిలిన ‘సి’ నేరుగా ‘టి’ అయిపోతుంది కాబట్టి దాన్ని పట్టలేదు. అందుకే జాగ్రత్త ముందే మొదలవ్వాలి: ఆమ్లత్వం లేని బఫర్ ఫార్మలిన్ వాడాలి, ముక్కని ఆలస్యం లేకుండా అందులో వేయాలి, రోజుల తరబడి వదిలేయకూడదు. రొమ్ము క్యాన్సర్ పరీక్షల మార్గదర్శకాల్లో 6 నుంచి 72 గంటలు అని ఉంది.

పెద్దమ్మ రిపోర్ట్‌లో “డీఎన్ఏ సరిపోలేదు, మళ్ళీ శాంపిల్ పంపండి” అని వచ్చింది. ఇంట్లో అందరికీ కోపం వచ్చింది, నాక్కూడా. ఇంకోసారి సూది అంటే మాటలు కాదు. కానీ లేని మ్యుటేషన్‌ని ఉందని రాసివ్వడం కంటే ఇదే నయం అని ఇప్పుడు ఆమెకి నేనే చెప్తున్నా. మనం రేపు ఇలాంటి డేటా మీద ఎంత మంచి మోడల్ రాసినా, ఆ ముక్క సీసాలో ఎన్ని గంటలుందో కోడ్‌కి తెలీదు. మనమే అడగాలి.