ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారులలో జాతి అసమానతలు

ఇన్‌ఫ్లుయెంజా (ఫ్లూ) మహమ్మారిగా ప్రబలినపుడు ఒకే ప్రభుత్వము కింద నివసించు వేర్వేరు జాతుల ప్రజలలో వ్యాధి తీవ్రత, మరణాల రేటు, వైద్యము అందే తీరు సమానముగా ఉండవు. ఈ వ్యత్యాసాన్ని ప్రజారోగ్య శాస్త్రములో జాతి అసమానతగా వ్యవహరిస్తారు. 1918, 2009 సంవత్సరాల మహమ్మారులలో ఇది స్పష్టముగా నమోదైనది.

కారణాలు

పూర్వము ఈ తేడాలను ఆయా జాతులకు పుట్టుకతో వచ్చిన బలహీనతగా భావించేవారు. 2008లో బ్లూమెన్‌షైన్, బ్రేవ్‌మన్ తదితర అమెరికా పరిశోధకులు వీటిని మూడు దశలుగా విడదీసి వివరించారు. మొదటిది వ్యాధి సోకే అవకాశము: ఇరుకు ఇళ్ళు, కిక్కిరిసిన ప్రయాణాలు, ఒక్కరోజు మానితే కూలి పోయే పనులు. రెండవది సోకిన జ్వరము ముదిరే అవకాశము: మధుమేహము, ఉబ్బసము, పోషకాహార లోపము వంటివి ముందే ఉండడము. మూడవది మందులు, టీకా, ఆసుపత్రి సకాలములో అందకపోవడము. ఒక్కొక్క దశలో తేడా స్వల్పమే అయినా మూడూ కలిసినపుడు మరణాలలో పెద్ద అంతరము ఏర్పడుతుంది.

రెండు సమోవాలు

పసిఫిక్ మహాసముద్రములోని సమోవా దీవుల ప్రజలది ఒకే జాతి, ఒకే భాష. 1918 నాటికి వీరు రెండు పాలనల కింద ఉండేవారు. పశ్చిమ సమోవాను 1914లో జర్మనీ నుండి న్యూజిలాండ్ సైన్యము స్వాధీనము చేసుకొన్నది. తూర్పు దీవులు అమెరికా నౌకాదళ పాలనలో ఉండేవి.

1918 నవంబరు 7న ఆక్లాండ్ నుండి బయలుదేరిన 'తలూనే' అనే ఓడ పశ్చిమ సమోవా రేవు అపియా చేరినది. ఆక్లాండ్‌లో అప్పటికే ఫ్లూ తీవ్రముగా ఉన్నది, కాని ఆ సంగతి అపియాకు ముందుగా తెలుపలేదు. ఓడలో జ్వరపీడితులున్నా ప్రయాణికులను దిగనిచ్చారు. కొన్ని వారాలలోనే సుమారు 8,500 మంది, అనగా జనాభాలో దాదాపు 22 శాతము మరణించారు. ఇంటిల్లిపాదీ ఒకేసారి మంచము పట్టడముతో వండి పెట్టేవారు, నీళ్ళు అందించేవారు లేక మరణించినవారు కూడా అందులో ఉన్నారు. అమెరికన్ సమోవా నుండి వైద్య సహాయము చేయగలమని వర్తమానము వచ్చినా, న్యూజిలాండ్ పాలనాధికారి రాబర్ట్ లోగన్ దానిని వినియోగించుకొనలేదు.

అమెరికన్ సమోవాలో గవర్నరు జాన్ పోయర్ రాకపోకలను కట్టడి చేశాడు. తీరము వెంబడి స్థానికులే కాపలా కాశారు. అక్కడ ఫ్లూ వలన ఒక్కరూ చనిపోలేదు. ఏకాంత దీవుల ప్రజలకు కొత్త వ్యాధులపై నిరోధక శక్తి తక్కువన్నది నిజమే. అయితే ఆ లోటు రెండు దీవులవారికీ సమానమే కనుక ఫలితములోని తేడాకు పాలకుల నిర్ణయాలనే కారణముగా చెప్పవలసి ఉంటుంది. పశ్చిమ సమోవాలో తరువాత సాగిన 'మౌ' ఉద్యమానికి ఈ మరణాలపై గల ఆగ్రహము కూడా ఊతమిచ్చినది. 2002లో న్యూజిలాండ్ ప్రధానమంత్రి హెలెన్ క్లార్క్ సమోవా ప్రజలకు క్షమాపణ చెప్పారు.

న్యూజిలాండ్, బొంబాయి

న్యూజిలాండ్‌లోనే ఐరోపా సంతతివారిలో వెయ్యికి ఆరుగురు మరణించగా, ఆదివాసులైన మావోరీలలో ఆ రేటు దానికి ఏడెనిమిది రెట్లు ఉన్నది. మావోరీ మరణాలు చాలావరకు సరిగా నమోదు కానందున అసలు సంఖ్య ఇంకా ఎక్కువ కావచ్చును. వైకాటో ప్రాంతములో మావోరీ నాయకురాలు తే పుయా హెరంగి అనాథలైన సుమారు వందమంది పిల్లలను చేరదీసి పెంచినది.

భారతదేశములో ఈ అంతరము కులము వెంబడి కనబడినది. 1918లో బొంబాయి నగరములో ఫ్లూ మరణాలు ఐరోపావాసులలో వెయ్యికి 8.3, పార్సీలలో 9 కాగా, నాటి లెక్కలు 'తక్కువ కులాలు'గా పేర్కొన్న హిందువులలో 61.6. ఇతర హిందువులలో ఇది 18.9 మాత్రమే. ఒకే ఊరిలో, ఒకే మతస్థులలో మూడు రెట్ల తేడా ఇది. దీనికి జన్యువులకంటె ఇరుకు నివాసాలు, ఆకలి, వైద్యులకు దూరముగా ఉండవలసి రావడమే తగిన వివరణ.

2009 మహమ్మారి

యాంటీవైరల్ మందులు, ఇంటెన్సివ్ కేర్ వచ్చిన తరువాత కూడా తేడా పోలేదు. 2009లో హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) వ్యాపించినపుడు అమెరికాలోని 12 రాష్ట్రాల లెక్కల ప్రకారము అమెరికన్ ఇండియన్, అలాస్కా ఆదివాసులలో మరణాల రేటు ఇతరులందరికంటె నాలుగు రెట్లు ఉన్నది. జ్వరము వస్తే ఇంటి వద్దనే ఉండమని ప్రభుత్వము సలహా ఇచ్చినది. కాని వేతనముతో కూడిన అనారోగ్య సెలవును ఇవ్వవలసినదిగా యజమానులను నిర్బంధించే సమాఖ్య చట్టము అక్కడ లేకపోవడముతో, ఆ సలహాను పాటించడము చాలామంది కూలీలకు సాధ్యము కాలేదు.

కెనడాలోని మానిటోబా రాష్ట్రము ఉత్తర భాగములో ఆదివాసీ గ్రామాలు తీవ్రముగా దెబ్బతిన్నవి. అక్కడ చాలా ఇళ్ళకు కుళాయి నీరు లేదు. చేతులు తరచుగా కడుగుకొనమన్న ప్రచారము వారికి ఏమాత్రము ఉపయోగపడిందో ఊహించవచ్చును. సెప్టెంబరులో సమాఖ్య ఆరోగ్య శాఖ పంపిన సామగ్రిలో శవాలను ఉంచే సంచులు పెద్దసంఖ్యలో రావడముతో గ్రామ పెద్దలు తీవ్ర నిరసన తెలిపారు. శాఖ విచారము వ్యక్తము చేసినది. ఆ శరత్కాలములో టీకా వచ్చినపుడు మానిటోబా ప్రభుత్వము ఆదివాసులను ముందుగా టీకా పొందవలసినవారి జాబితాలో చేర్చినది.