మనస్సాక్షి ఎవరి పక్షం?

మంచి చెడుల వివేచన మానవునికి ఎక్కడనుండి వచ్చింది? పాణ్యం, ఆళ్లగడ్డ ప్రాంతాలలో పరిచర్య చేసే కాపరులకు ఇది కేవలం తరగతి గదిలోని ప్రశ్న కాదు. ఫ్యాక్షన్ కక్షలు తీవ్రంగా ఉన్న దశాబ్దాలలో ఇక్కడ కత్తి పట్టినవారందరూ నీతి తెలియనివారు కారు. తిన్న ఉప్పుకు ద్రోహం చేయకూడదన్నది వారికి తెలుసు. తమ వర్గంకోసం ప్రాణమివ్వడానికి సిద్ధపడినవారు ఉన్నారు. అదే నిష్ఠతో అవతలి వర్గంవారి ప్రాణం తీశారు. దీనిని నీతి అనాలా, నీతి లేకపోవడం అనాలా?

చార్లెస్ డార్విన్ 1871లో మానవుని పుట్టుకపై ప్రచురించిన గ్రంథంలో నైతిక జ్ఞానానికి మూలం సాంఘిక ప్రవృత్తులలో ఉందని వాదించాడు. ఒకరికొకరు తోడుపడే సభ్యులు ఎక్కువగా ఉన్న తెగ ఇతర తెగలమీద గెలుస్తుందని ఆయన ఆలోచన. 2003లో సారా బ్రాస్నన్, ఫ్రాన్స్ డి వాల్ అనే పరిశోధకులు కాపుచిన్ కోతులతో ఒక ప్రయోగం చేశారు. ఒకే పనికి పక్క కోతికి ద్రాక్షపండు, తనకు దోసకాయ ముక్క ఇస్తే చాలాసార్లు ఆ కోతి దోసకాయను నిరాకరించింది. దాని అర్థంపై వాదం ఇంకా ఉన్నది. అయినా ఇటువంటి పరిశోధనలను వేదికమీద ఎగతాళి చేయడం మాకు సరియని తోచదు. ధర్మశాస్త్రము లేని అన్యజనుల హృదయాలలో కూడా దాని సారము వ్రాయబడి ఉన్నదని పౌలే రోమా 2:14-15లో అంటున్నాడు. ఆ వ్రాత ఎంత కాలంలో, ఏ విధంగా జరిగిందో ఆయన చెప్పలేదు.

మన సమీపంలోనే, బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో, సుమారు 74 వేల సంవత్సరాల క్రితం ఇండోనేషియాలోని తోబా అగ్నిపర్వతంనుండి వచ్చిపడిన బూడిద పొర ఉంది. ఆ పొరకు క్రిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. వాటిని చేసినవారు వేట మాంసం పంచుకొని ఉండవచ్చు. కాని పంచుకోనివాడు రాత్రి నిద్రపోయాడో లేదో రాయి చెప్పదు.

అసలు చిక్కు వేరే ఉంది. తెగ గెలుపునుండి పుట్టిన నీతి ఫ్యాక్షన్‌ను చక్కగా వివరిస్తుంది, మరీ చక్కగా వివరిస్తుంది! డార్విన్ ఇది గమనించకపోలేదు. నాగరికత పెరిగేకొద్దీ సానుభూతి అన్ని జాతులవారికీ విస్తరించాలని ఆయనే వ్రాశాడు. అయితే 'విస్తరించాలి' అనే బాధ్యతను తెగ గెలుపు ఎలా ఇవ్వగలదు?

1 సమూయేలు 24 తెరిస్తే ఏన్గెదీ గుహలో దావీదు చేతికి శత్రువు దొరికాడు. చంపమన్నది అతని మనుషులే, పైగా దేవుని పేరుతో. ఉప్పు తిన్నవారి సలహా అది. దావీదు సౌలు వస్త్రపు చెంగు మాత్రమే కోశాడు, అంతకే అతని మనస్సు నొచ్చింది. పాత నిబంధన హెబ్రీ భాషలో మనస్సాక్షికి ప్రత్యేకమైన మాట లేదు, ఇక్కడ వాడినది 'లేవ్', అంటే హృదయం. గుహలో అది తన వర్గానికి ఎదురు మాట్లాడింది. సాంఘిక ప్రవృత్తి మాత్రమే అయితే అది గుంపుతో గొంతు కలపవలసింది.

అయితే అది ఎల్లప్పుడూ మాట్లాడుతుందని మేము అనడం లేదు. తరువాతి అధ్యాయంలోనే నాబాలు చేసిన అవమానానికి అదే దావీదు నాలుగు వందలమందితో కత్తులు కట్టుకొని బయలుదేరాడు. ఆ ఇంటి మగవారినందరినీ హతం చేస్తానన్నాడు. పౌలు చెప్పిన తలంపులు తప్పు మోపడమే కాదు, తప్పు లేదని కూడా చెప్పగలవు. ప్రతి కక్షకూ ఒక న్యాయం ఉంటుంది, అడిగి చూడండి.

దావీదును ఆపినది అవతలి ఇంటి స్త్రీ. అబీగయీలు ఆహారం తెచ్చింది, తన భర్త తప్పును దాచలేదు. రేపు నీవు రాజువైనప్పుడు, నిష్కారణంగా రక్తం చిందించానన్న బాధ నీ హృదయానికి ఉండకూడదన్నది (25:31). అక్కడ కూడా మాట 'లేవ్'. రాజీకి వెళ్లే కాపరులు ఈ రెండు అధ్యాయాలను కలిపి చదవాలని మా మనవి. గుహలో దావీదుకు నొచ్చిన చోటునే ఆమె ముట్టింది.