గడ్డి మందు చెరువులో కలిస్తే.. నీళ్లు తేటగా ఉంటే మందు పోయినట్టేనా?

కల్హేర్: ఒడ్ల మీద గడ్డి చావాలంటే చాలాచోట్ల రైతులకు ముందు గుర్తొచ్చేది గ్లైఫోసేట్. మరి కొట్టిన మర్నాడే గట్టి వాన పడితే? మందులో కొంత వాన నీళ్లతో, కొంత కొట్టుకుపోయే మట్టితో వాగులోకి, చెరువులోకి చేరుతుంది. నల్లవాగు ప్రాజెక్టు నీళ్లతో వరి పండించే కల్హేర్, సిర్గాపూర్ మండలాల్లో ఇది పట్టించుకోవాల్సిన విషయమే.

చెరువులో చేరాక ఏమవుతుంది? ఎండకు ఆవిరైపోతుందని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. గ్లైఫోసేట్ గాల్లో కలవదు, ఒట్టి నీళ్లలో తనంతట తాను విరగదు. దాన్ని విరగ్గొట్టేది బ్యాక్టీరియానే. ముందుగా ఆంపా అనే ఇంకో రసాయనంగా మారుస్తుంది. ఈ ఆంపా అసలు మందు కంటే ఎక్కువ కాలం ఉంటుంది. అదీ విరిగాక మిగిలేది కార్బన్ డయాక్సైడ్, అమ్మోనియా, ఫాస్ఫేట్.

అసలు చిక్కు అడుగు మట్టిలో ఉంది. గ్లైఫోసేట్ బంకమట్టికి, అందులోని ఇనుము, అల్యూమినియానికి గట్టిగా అతుక్కుంటుంది. అందుకే కొన్నాళ్లకు నీళ్లలో జాడ తగ్గుతుంది. కానీ తగ్గిందంటే మందంతా విరిగిపోయిందని కాదు, చాలావరకు బురదలోకి దిగిందని! మట్టికి అతుక్కున్న మందు బ్యాక్టీరియాకు సులువుగా అందదు. గాలి ఆడని బురదలో పని ఇంకా నెమ్మదిస్తుంది. మరో సంగతి.. డీఏపీలో ఉండే ఫాస్ఫేట్ కూడా మట్టిలో అదే చోటు కోసం పోటీపడుతుంది. ఫాస్ఫేట్ ఎక్కువైతే అతుక్కున్న మందు కొంత విడిపోవచ్చు.

ఎన్నాళ్లు పడుతుంది? మందు సగానికి తగ్గడానికి నేలలో సగటున 47 రోజులు. నేలను బట్టి 2 నుంచి 197 రోజుల దాకా మారుతుంది. నీళ్లలో కొద్ది రోజుల నుంచి 91 రోజులు. 47 రోజులకు సగమే పోతుంది, 94 రోజులకు ఇంకా పావు వంతు ఉంటుంది.

డబ్బాలో మందు ఒక్కటే ఉండదు. ఆకుకు పట్టడానికి కలిపే సబ్బు లాంటి పదార్థాల్లో కొన్ని చేపలకు, కప్ప పిల్లలకు గ్లైఫోసేట్ కంటే ఎక్కువ హాని చేస్తాయి. స్ప్రేయర్‌ను వాగులో కడిగితే అదంతా నేరుగా నీళ్లలోకే!

2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం గ్లైఫోసేట్‌ను 'బహుశా క్యాన్సర్ కారకం' జాబితాలో పెట్టింది. 2018లో తెలంగాణ ప్రభుత్వం అమ్మకాలపై ఆంక్షలు విధించింది. పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప వేరెవరూ వాడకూడదని 2022 అక్టోబర్‌లో కేంద్రం ఉత్తర్వులిచ్చింది.